పెద్దల కాగితమా, ఉమ్మడి పిటిషనా, పోరాడే కేసా: విడాకులకు ఏ దారి, డబ్బు లెక్క ఎలా

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంసారం తెగే దశకు వచ్చిందంటే కాళ్లు మొదట ప్లీడరు ఇంటికి నడవవు, పెద్దమనుషుల దగ్గరికి నడుస్తాయి. రెండు ఊళ్ల పెద్దలూ ఒక చోట కూర్చుంటారు. తగువు, అంటే పంచాయతీ, రెండు మూడు సార్లు నడుస్తుంది. చివరికి వంద రూపాయల స్టాంపు కాగితం మీద 'ఇకనుంచి ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు' అని రాయించి, సంతకాలు పెట్టించి, కొంత నగదు చేతిలో పెట్టి పంపేస్తారు. ఖర్చు తక్కువ, నాలుగు గోడలు దాటకుండా పని అయిపోతుంది. లోపం ఒక్కటే: అది విడాకులు కాదు.

1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తించే దంపతులు కోర్టు డిక్రీ, అంటే తీర్పు ఉత్తర్వు, వచ్చేదాకా చట్టం కళ్లకి మొగుడూపెళ్లాలే. ఆ కాగితం నమ్ముకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ రెండో పెళ్లి చెల్లదు. పైగా పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. రెండో భార్యకి కుటుంబ పెన్షన్ రాదు. ఆ సంగతి చాలా ఇళ్లలో అతను పోయాక, పెన్షన్ కాగితాలు పెట్టినప్పుడు బయటపడుతుంది.

'మా కులంలో ఇది ఆచారం' అనే మాట తరచూ వినిపిస్తుంది. వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచార విడాకుల్ని గుర్తిస్తుంది, నిజమే. కానీ ఆచారం పాతదనీ, తెగకుండా నడుస్తోందనీ రుజువు చేయాల్సిన బరువు ఆ మాట అన్నవాళ్ల మీదే. పెద్దల్లో ఇద్దరు వచ్చి 'మా ఊళ్లో ఇలాగే చేస్తాం' అంటే సరిపోదు. సీతంపేట, పార్వతీపురం వైపు సవర, జాతాపు వంటి షెడ్యూల్డ్ తెగల సంగతి వేరు. 2వ సెక్షన్ ప్రకారం వారికి ఈ చట్టమే నేరుగా వర్తించదు, తెగ ఆచారమే చట్టం. అక్కడ కూడా ఆచారం ప్రకారం జరిగిందని సాక్షులతో రాతపూర్వకంగా ఉంచుకోవాలి. క్రైస్తవులకి 1869 నాటి విడాకుల చట్టం, ముస్లింలకి వారి పర్సనల్ లా ఉన్నాయి. కింది పోలికలో విడాకుల సెక్షన్లన్నీ హిందూ వివాహ చట్టానివి. మనోవర్తి, గృహహింస, అప్పుల సంగతులు మాత్రం అందరికీ పనికొస్తాయి.

అలాగని పెద్దల తగువు దండగ కాదు. ఎవరి బంగారం ఎవరి దగ్గరుందో, ఎవరి పొలం ఎవరి పేరునుందో వాళ్లకి తెలిసినంత కోర్టుకి తెలియదు. బేరం వాళ్ల చేత చేయించుకోండి, తెంపడం మాత్రం జడ్జి చేత చేయించుకోండి. వాళ్ల ముందు కుదిరిన షరతులే ఉమ్మడి పిటిషన్‌లోకి ఎక్కాలి.

ఆ షరతులు రాసేటప్పుడు ఎప్పుడూ జరిగే తప్పులు నాలుగు. ఒకటి, 5 లక్షలో 8 లక్షలో అని కుదుర్చుకుని మొత్తం నగదుగా ఇచ్చేయడం. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక వ్యవహారంలో 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానా పడవచ్చు. దానికి మించి, ఇచ్చినట్టు రుజువు ఉండదు. రెండు, హామీ పేరుతో తెల్ల కాగితాల మీదో ఖాళీ ప్రామిసరీ నోటు మీదో సంతకం పెట్టి పెద్దమనిషి దగ్గర ఉంచడం. బేరం చెడితే అదే నోటు అప్పు దావా అవుతుంది. మూడు, 'ఇద్దరం ఇష్టపడి విడిగా ఉంటున్నాం' అన్న వాక్యం. విడాకులు లేకుండా ఉమ్మడి అంగీకారంతో విడిగా ఉన్న భార్యకి నెలవారీ మనోవర్తి రాదని, మనోవర్తి ఇప్పించే నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనే ఉంది. కాగితం రాసినవాడికి తెలియకపోయినా అవతలి ప్లీడరుకి తెలుసు. నాలుగు, 'పిల్లకి తండ్రి ఆస్తిలో హక్కు లేదు' అని రాయించడం. మైనర్ హక్కుని కోర్టు అనుమతి లేకుండా తల్లీ తండ్రీ ఎవరూ వదిలేయలేరు. ఆంధ్రప్రదేశ్‌లో కూతురికి పిత్రార్జితంలో సమాన వాటా 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది. అలాంటి వాక్యం పిల్లని కట్టిపడేయదు, కాకపోతే రేపు మరో తగువుకి విత్తనం వేస్తుంది.

ఉమ్మడి పిటిషన్: కుదిరితే ఇదే, కానీ డబ్బు వరస తప్పకూడదు

13-బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి వేసే పిటిషన్‌కి కావలసినవి మూడు: కనీసం ఏడాదిగా విడిగా ఉండటం, కలిసి బతకలేకపోవడం, విడిపోవాలని ఇద్దరూ అనుకోవడం. విడిగా అంటే వేరే ఊళ్లో ఉండాలని కాదు. ఒకే కప్పు కింద ఉన్నా మొగుడూపెళ్లాల్లా బతకకపోతే విడిగా ఉన్నట్టే. అయితే విడిపోయిన తేదీ ఇద్దరి ప్రమాణ పత్రాల్లో ఒకటే ఉండాలి. ఒకరు ఉగాది అనీ ఇంకొకరు సంక్రాంతి అనీ చెప్తే వాయిదా తప్పదు.

తీసుకెళ్లాల్సినవి: పెళ్లి సర్టిఫికెట్ ఉంటే అది, లేకపోతే శుభలేఖ, తాళి కట్టిన ఫొటోలు, గుళ్లో పెళ్లయితే దేవస్థానం రసీదు, ఇద్దరి ఆధార్, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, డబ్బు, బంగారం, పిల్లలు, పెండింగ్ కేసులు అన్నీ రాసుకున్న ఒప్పందం. పిటిషన్ వేశాక మొదటి విచారణలో ఇద్దరి వాంగ్మూలం తీసుకుంటారు. తర్వాత ఆరు నెలలు ఆగి, 18 నెలల లోపు రెండో విచారణకి ఇద్దరూ వెళ్లాలి. ఆ రోజు ఇద్దరూ అదే మాట మీద ఉంటే డిక్రీ.

ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే ఏడాదిన్నరగా విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి నిజంగా తేలిపోయి ఉంటే, మొదటి విచారణ అయిన వారం తర్వాత మినహాయింపు అడగవచ్చు. కాబట్టి పిటిషన్ వేయడానికి తొందరపడి పన్నెండో నెలలో పరుగెత్తడం కంటే, ఆ సమయాన్ని షరతులు గట్టిగా రాసుకోడానికి వాడుకోవడం మేలు.

ఈ దారిలో ఉన్న గుంట ఇది: రెండో విచారణ దాకా ఇద్దరిలో ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. 1991లో సురేష్టా దేవి కేసు నుంచి ఇదే చట్టం. మొదటి రోజే మొత్తం డబ్బు ఇచ్చేసినవాడు ఇరుక్కుంటాడు. డబ్బు అందకుండానే క్రిమినల్ కేసు వదులుకున్న భార్యా ఇరుక్కుంటుంది. అందుకే పంపకం ఇలా ఉంటే మంచిది: మొదటి విచారణ రోజు మొత్తంలో పాతిక నుంచి మూడో వంతు, రెండో విచారణ రోజు మిగతాది. రెండూ భార్య పేరు మీద డిమాండ్ డ్రాఫ్ట్. డీడీ నెంబరు, తేదీ, బ్యాంకు కోర్టు రికార్డులోకి ఎక్కాలి. డీడీ మూడు నెలలే చెల్లుతుందని మరిచిపోకండి. జడ్జిగారు సెలవులో ఉండి వాయిదా ముందుకు పడితే చెల్లని కాగితంతో బోనులో నిలబడాల్సి వస్తుంది. వాయిదాకి రెండు మూడు రోజుల ముందు తీయించుకుంటే ఆ బెడద లేదు.

భార్య పెట్టిన వేధింపు కేసు, అంటే పాత 498-ఏ, ఇప్పటి న్యాయ సంహిత 85వ సెక్షన్, నడుస్తుంటే 'కేసు వెనక్కి తీసుకుంటాను' అన్న ఒక్క మాట చాలదు. రాజీ కుదిరాక హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమనే అర్జీ, వేయాలి; పాత 498-ఏ కింద పెట్టిన కేసైతే ఆంధ్రప్రదేశ్‌లో కింది కోర్టు అనుమతితో రాజీ పడే వీలూ ఉంది. ఎవరి ఖర్చుతో, ఎన్ని రోజుల్లో, ఎవరు అఫిడవిట్ ఇవ్వాలి అన్నది ఒప్పందంలోనే రాయాలి. చివరి విడత డబ్బుని క్వాష్ ఆర్డర్‌తో ముడిపెట్టాలా, డిక్రీతో ముడిపెట్టాలా అన్న దగ్గరే బేరాలు చాలా చెడిపోతుంటాయి. అఫిడవిట్ సంతకం చేసి ప్లీడర్ల దగ్గర ఉంచి, డిక్రీ రోజే డీడీ చేతులు మారడం ఇద్దరికీ నష్టం లేని మధ్య దారి.

భర్త గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఉంటే ఉమ్మడి పిటిషన్ ఆగిపోనక్కర్లేదు. అక్కడి భారత ఎంబసీలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీతో తండ్రో అన్నో పిటిషన్ వేయవచ్చు, వాంగ్మూలానికి వీడియో కాన్ఫరెన్స్ అడగవచ్చు. ఆ పవర్ కాగితం ఇండియాలోకి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కవిటి, సోంపేట వైపు కుర్రాళ్లు వాట్సాప్‌లో స్కాన్ పంపించి సరిపోతుందనుకుంటారు. కోర్టుకి కావలసింది అసలు కాగితం.

పోరాడే కేసు

ఒకరు ఒప్పుకోకపోతే 13వ సెక్షన్ కింద కారణం రుజువు చేయాలి: క్రూరత్వం, రెండేళ్లు తెగకుండా వదిలేసి ఉండటం, వ్యభిచారం, మతం మార్పు, తీవ్రమైన మానసిక జబ్బు వంటివి. 'ఇక కలిసే ఆశ లేదు' అన్నది కింది కోర్టులో కారణం కాదు. ఆ అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకే ఉందని 2023లో శిల్పా శైలేష్ తీర్పు చెప్పింది. పెళ్లయిన ఏడాదిలోపు, అసాధారణ కష్టం ఉంటే తప్ప, విడాకుల పిటిషనే తీసుకోరు.

వరస ఇలా ఉంటుంది: పిటిషన్, నోటీసు, కౌంటరు, రాజీ ప్రయత్నం, సాక్ష్యం అఫిడవిట్, క్రాస్ (ఎదురు ప్లీడరు ప్రశ్నలు), వాదనలు. ఇది ఏళ్ల పని. కేసు ఎక్కువగా నలిగేది రెండు చోట్ల. నోటీసు తప్పు చిరునామాకి వెళ్లి, అవతలివారు లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ రావడం ఒకటి. వలస పోయిన భర్త పాత ఇంటి తలుపుకి నోటీసు అంటించి డిక్రీ తెచ్చుకుంటే, తెలిసిన 30 రోజుల్లో అతను దాన్ని రద్దు చేయమని అడగవచ్చు, కథ మళ్లీ మొదటికి. రెండోది వాట్సాప్ సాక్ష్యం. స్క్రీన్‌షాట్ ప్రింట్ ఒక్కటీ నిలబడదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతపరచాలి, ఫోను కూడా పారేయకూడదు. భార్యాభర్తల రహస్య ఫోన్ రికార్డింగు కూడా విడాకుల కేసులో సాక్ష్యంగా పనికొస్తుందని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. కోపంలో పంపే మెసేజీకి ఆ సంగతి గుర్తుండాలి.

పోరాడే డిక్రీ వచ్చాక మళ్లీ పెళ్లికి తొందర వద్దు. అప్పీలు గడువు 90 రోజులుగా లెక్కేసుకుని, అప్పీలు పడలేదని తేల్చుకున్నాకే ముహూర్తం. ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన ఉమ్మడి అంగీకార డిక్రీ మీద అప్పీలు లేదు గనక ఆ బెంగ ఉండదు.

విడాకులు లేకుండా విడిగా ఉండటం

కోర్టులో ఉన్న ఈ మూడో దారి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 10వ సెక్షన్ కింద న్యాయ విభజన డిక్రీ తీసుకుంటే కలిసి ఉండే బాధ్యత పోతుంది, భార్య హోదా మిగులుతుంది. భర్త రైల్వేలోనో, ప్రభుత్వ బడిలోనో, సైన్యంలోనో పనిచేస్తూ, భార్యకి యాభై దాటి, మళ్లీ పెళ్లి ఆలోచన లేకపోతే విడాకులు ఆర్థికంగా తప్పు బేరం కావచ్చు. విడాకులు పుచ్చుకున్న భార్యకి కుటుంబ పెన్షన్ ఉండదు, భర్త ఆస్తిలో వారసత్వం పోతుంది, ఉద్యోగి వైద్య సదుపాయం పోతుంది. 6 లక్షల ఏకమొత్తం చూసి పాతికేళ్ల కుటుంబ పెన్షన్ వదులుకోవడం ఎంత నష్టమో కాగితం మీద వేసుకుంటే తెలుస్తుంది. వయసులో ఉన్నవాళ్లకి మాత్రం ఇది వేలాడే బతుకు. వాళ్లకి ఈ దారి మేము చెప్పం.

ఏ కోర్టుకి

పెళ్లి జరిగిన చోట, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చోట, అవతలివారు ఉంటున్న చోట, ఇంకా భార్యే వేస్తుంటే ఆమె ఉంటున్న చోట పిటిషన్ వేయవచ్చు. అంటే కన్నవారింటికి వచ్చేసిన ఆడపిల్ల హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఫ్యామిలీ కోర్టు పరిధి లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. రెవెన్యూ జిల్లా మారింది కదా అని కోర్టు పరిధీ మారిందనుకోవద్దు. పిటిషన్ టైపు చేయించే ముందే ప్లీడరుని ఆ మాట అడగండి.

ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు సంబంధాలు బరంపురం, పర్లాకిమిడి దాకా పోతాయి. భర్త ఒడిశాలో ముందు కేసు వేస్తే, దాన్ని ఇటు మార్పించుకోడానికి సుప్రీంకోర్టుకే వెళ్లాలి. అదే రాష్ట్రం లోపల అయితే అమరావతిలోని హైకోర్టు చాలు. సరిహద్దు సంబంధమైతే ముందు వేసినవారికి లాభం. ఇక్కడ ఆలస్యం ఖరీదైనది.

ప్లీడరు ఫీజు పెట్టుకోలేని మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద అర్జీ పెడితే చాలు, లేదా 15100కి ఫోన్ చేయవచ్చు. లోక్ అదాలత్‌లో మనోవర్తి, సామాన్ల సంగతి తేల్చుకోవచ్చు, ఆ అవార్డుకి అప్పీలు ఉండదు. విడాకులు మాత్రం అక్కడ ఇవ్వరు.

మనోవర్తి: మూడు తలుపులు

కేసు నడుస్తుండగా తిండికీ అద్దెకీ డబ్బు కావాలి. తలుపులు మూడున్నాయి.

నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్, అంటే పాత 125, విడాకుల కేసు లేకపోయినా పనికొస్తుంది. విడాకులయ్యాక మళ్లీ పెళ్లి చేసుకోని భార్యకీ, పిల్లలకీ, ముసలి తల్లిదండ్రులకీ కూడా. మధ్యంతర దరఖాస్తు నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఎక్కువ రోజులే పడుతుంది, అయినా ఆ వాక్యం గుర్తు చేస్తుండాలి. డబ్బు ఎగ్గొడితే వారంటు, ప్రతి నెల బకాయికీ నెల దాకా జైలు. కానీ బకాయి పడిన ఏడాదిలోపే వసూలు పిటిషన్ వేయాలి. మూడేళ్లు ఓపిక పట్టి ఒకేసారి అడిగినవాళ్లు రెండేళ్ల డబ్బుకి ఈ సులువు దారి పోగొట్టుకుంటారు.

రెండోది హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్. విడాకుల కేసు పెండింగులో ఉన్నంత కాలమే. దీనిలో కేసు ఖర్చులు కూడా వస్తాయి, సంపాదన లేని భర్త కూడా అడగవచ్చు. మూడోది 2005 గృహహింస చట్టం. కొట్టడం, తిట్టడం, డబ్బు ఇవ్వకుండా మాడ్చడం ఉన్నచోట ఇదే బలమైనది. నెలవారీ డబ్బుతో పాటు రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, పరిహారం ఒకే పిటిషన్‌లో అడగవచ్చు. ఇల్లు మామగారి పేరునున్నా కాపురం ఉన్న ఇల్లయితే నివాస హక్కు అడగవచ్చని 2020లో సతీష్ చందర్ ఆహుజా తీర్పు తేల్చింది. ఐసీడీఎస్ ద్వారా ప్రొటెక్షన్ ఆఫీసరు రిపోర్టు రాయిస్తారు. అత్యవసరమైతే 181కి ఫోన్ చేయండి.

ఇల్లు కావాలంటే గృహహింస చట్టం, కేవలం నెల డబ్బే కావాలంటే 144, అవతలివారే విడాకుల కేసు వేసి మిమ్మల్ని తిప్పుతుంటే 24. మూడూ వేయవచ్చు గానీ మూడు చోట్లా డబ్బు కలిపి రాదు. ఒక దానిలో వచ్చింది మరో దానిలో తగ్గిస్తారు, దాచిపెడితే నమ్మకం పోతుంది. 2020 నవంబర్‌లో వచ్చిన రజనేష్ వర్సెస్ నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి, డబ్బు దరఖాస్తు తేదీ నుంచి లెక్క.

సైన్యంలో ఉన్నవాడి భార్యకి ఇంకో తలుపు ఉంది. ఆర్మీ చట్టం కింద యూనిట్‌కి దరఖాస్తు పెట్టుకుంటే, విచారణ తర్వాత జీతంలోంచి కోసి నేరుగా ఆమె ఖాతాకి పంపుతారు. ఇంటికో సిపాయి ఉన్న ఊళ్లు మన వైపు తక్కువ కాదు గనక ఇది చెప్పుకోవాల్సిందే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు రాసే పద్ధతి చెప్తారు.

'నాకు సంపాదన లేదు' అని భర్త చెప్పే వ్యవసాయ కుటుంబాల్లో ఆదాయం రుజువు చేయడమే అసలు పని. ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో 1-బి (ఎవరి పేరున ఎంత భూమో చూపేది), అడంగల్ (సాగు వివరాలు) తీయండి. ఈ-క్రాప్ నమోదు, పీఎం కిసాన్ జమలు, జీడి పిక్కలు, కొబ్బరి అమ్మిన పట్టీలు, పాల కేంద్రం చెల్లింపులు, ట్రాక్టర్ ఆర్‌సీ పనికొస్తాయి. అన్నిటికంటే గట్టిది బ్యాంకు లోను దరఖాస్తు. అప్పు కావాలన్న రోజు ఎవరూ ఆదాయం తక్కువ చేసి రాయరు. ఆ దరఖాస్తు కోర్టు ద్వారా తెప్పించమని అడగండి.

ఏకమొత్తమా, నెలనెలానా

నికర జీతంలో పాతిక శాతం న్యాయమైన మొత్తమని 2017లో కల్యాణ్ డే చౌధురి కేసులో సుప్రీంకోర్టు అన్న మాట ఊళ్లలో సూత్రంలా తిరుగుతోంది. అది సూత్రం కాదు, ఆ కేసులో కొలబద్ద. బాధ్యతలు, పిల్లలు, ఆమె సంపాదన చూసి అటూ ఇటూ అవుతుంది.

ఏకమొత్తం బేరం ముందు ఈ లెక్క వేసుకోండి. నెలకి 8,000 రావాలంటే ఏడాదికి 96,000. ఏడు శాతం వడ్డీ మీద అసలు కదలకుండా అంత రావాలంటే 13 లక్షల 70 వేలు కావాలి. ఇరవై ఏళ్లలో అసలు కూడా కరిగిపోయినా పర్లేదనుకుంటే దాదాపు 10 లక్షల 30 వేలు. ధరల పెరుగుదల ఇందులో లేదు. 'పది లక్షలు వచ్చాయి' అని సంబరపడే ఇంట్లో ఈ లెక్క వేసినవారు ఉండరు.

నెలవారీ మనోవర్తిని పరిస్థితి మారితే పెంచమని అడగవచ్చు, కానీ అది ఇచ్చేవాడి బుద్ధి మీద, ఉద్యోగం మీద ఆధారం. పైడిభీమవరం ఫార్మాలో కాంట్రాక్టు కార్మికుడు రేపు ఉద్యోగం మానేసి చెన్నై వెళ్లిపోతే వసూలు ఎవరి వల్ల? ప్రభుత్వ జీతమైతే కోర్టు ఆర్డరుతో జీతం నుంచే కోయించవచ్చు. మా సలహా ఇది: స్థిర ఉద్యోగి అయితే నెలవారీ లేదా రెండూ కలిపి, వ్యాపారి, వలస కార్మికుడు, అప్పుల్లో ఉన్నవాడు అయితే ఏకమొత్తం, తక్కువైనా. పిల్లల చదువు డబ్బు మాత్రం ఏ కేసులోనైనా విడిగా రాయించుకోండి, దాన్ని తల్లి భరణంలో కలపొద్దు.

పన్నులోనూ తేడా ఉంది. ఏకమొత్తాన్ని మూలధన రాబడిగా చూసి పన్ను వేయరన్నది కోర్టుల మాట, నెలవారీది ఆమె ఆదాయం కిందకి వస్తుంది. ఇచ్చేవాడికి రెండిట్లోనూ మినహాయింపు లేదు. డబ్బు బదులు ఇల్లో స్థలమో ఇచ్చేట్టయితే డిక్రీకి ముందే రిజిస్ట్రేషన్ పూర్తిచేసుకోవడం మంచిది. భార్యాభర్తల మధ్య బదిలీకి ఉన్న పన్ను మినహాయింపు, స్టాంపు రాయితీ డిక్రీ తర్వాత ప్రశ్న అవుతాయి.

బంగారం, పొలం, అప్పు

మన దేశంలో విడాకులైతే భర్త ఆస్తిలో సగం వస్తుందన్న మాట అబద్ధం. ఆమెకి వచ్చేవి ఆమె స్త్రీధనం, ఆమె పేరునున్న ఆస్తి, భరణం. స్త్రీధనం పూర్తిగా ఆమెదేనని 1985 ప్రతిభా రాణి తీర్పు నుంచి స్థిరపడింది. కన్నవారు పెట్టిందీ, అత్తవారు పెట్టిందీ రెండూ. ఒప్పందంలో నగల జాబితాని తులాల్లో రాసి, గ్రాములూ, స్వచ్ఛతా పక్కన వేయండి. 'రెండు లక్షల నగలు' అని రాస్తే రేపటి ధరకి ఆ రెండు లక్షలకి ఎంత వస్తుందో మీకే తెలుసు. కొత్త నగల మీద హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉంటుంది, అది నగకి ఆధార్ నెంబరు లాంటిది. నగలు బ్యాంకులో భర్త పేరున కుదువలో ఉంటే లోను నెంబరు, విడిపించేది ఎవరు, ఏ తేదీ లోపు అన్నవి లేకుండా ఒప్పందం సంతకం పెట్టొద్దు. వడ్డీ కట్టక వేలానికి వెళ్లిన నగ తిరిగి రాదు.

కట్నం, ఆడపడుచు లాంఛనం నగదుగా ఇచ్చామని చెప్పడానికి 'ఇవ్వడం కూడా నేరమే కదా' అని భయపడతారు. వరకట్న నిషేధ చట్టం 7వ సెక్షన్‌లో బాధితులు చెప్పిన మాట మీద వారిని శిక్షించరని ఉంది. ఇచ్చిన రోజు బ్యాంకు విత్‌డ్రాయల్, పొలం అమ్మిన దస్తావేజు ఉంటే బలం.

పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చిన ఎకరమో అరెకరమో ఉంటే, అది ఎవరి 1-బిలో ఉందో ముందు చూడండి. తండ్రి ఉన్నప్పుడే కూతురి పేర రిజిస్టర్ చేయించడం తర్వాత అన్నదమ్ములతో తగువు పడటం కంటే చవక. భర్త భూమి రాత్రికి రాత్రి తమ్ముడి పేరు మీదికి మారుతుందన్న అనుమానం ఉంటే సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయండి, భరణాన్ని ఆ భూమి మీద ఛార్జీగా, అంటే భూమికి అంటుకున్న బాకీగా, పెట్టమని కోర్టుని అడగండి, ఆర్డర్ వచ్చాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించండి. ఈసీలో కనిపించని ఛార్జీ కొనేవాడికి కనిపించదు. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి పట్టా, డి-పట్టా భూముల్ని బేరంలో మార్పిడి చేసుకునే ముందు తహసీల్దార్ దగ్గర షరతులు చూడాలి. బదిలీ నిషేధం ఉన్న భూమిని రాసిస్తే ఇద్దరికీ మిగలదు.

అప్పుల విషయంలో బ్యాంకుకి మీ ఒప్పందంతో పని లేదు. ఇద్దరూ సంతకం చేసిన ఇంటి లోనుని 'ఇకమీదట ఆయనే కడతాడు' అని కోర్టులో రాసుకున్నా, కట్టకపోతే బ్యాంకు ఆమె ఇంటికి వస్తుంది, సిబిల్ స్కోరు ఇద్దరిదీ పడుతుంది. బ్యాంకు రాతపూర్వకంగా పేరు తీసేయాలి, లేదా లోను తీర్చి కొత్తగా ఒక్కరి పేరున తీసుకోవాలి. డ్వాక్రా అప్పు భార్య పేరున తీసి భర్త ట్రాక్టర్‌కో, పెట్టుబడికో వాడిన ఇళ్లు ఎన్నో. సంఘానికి బాకీదారు ఆమే. ఆ మొత్తాన్ని ఏకమొత్తంలో కలిపేయకుండా విడిగా, సంఘం ఖాతాలోకి నేరుగా కట్టేట్టు రాయించుకోవాలి. ఎవరి దగ్గరైనా మీ సంతకంతో ఖాళీ చెక్కులు, నోట్లు ఉంటే వాటిని తిరిగి ఇచ్చిన రసీదు కూడా ఒప్పందంలో భాగమే.

ఉమ్మడి ఖాతా 'ఎవరైనా ఒకరు తీయవచ్చు' అన్న పద్ధతిలో ఉంటే తగువు మొదలైన వారంలోనే బ్యాంకుకి లెటర్ పెట్టి 'ఇద్దరి సంతకం'గా మార్పించండి. డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు కనీసం నాలుగు తీసుకోండి: సర్వీసు రిజిస్టరుకి ఒకటి, పీఎఫ్, ఎల్ఐసీ నామినీ మార్పుకి ఒకటి, సచివాలయంలో రైస్ కార్డు విడదీయడానికి ఒకటి, ఇంట్లో ఒకటి. వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసిన పాలసీ అయితే నామినీ మార్చడానికి లేదు, ఆ డబ్బు భార్యాపిల్లలదే. పాలసీ బాండు మీద ఆ చట్టం పేరు ఉందో లేదో ఏకమొత్తం లెక్క కట్టకముందే చూసుకోండి.